2♠ ప్రీఎంప్ట్ మీద రెండు రంగుల బలమైన హ్యాండ్: డబుల్ కొట్టాలా, నేరుగా 4♦ అనాలా?

బురుజు_కర్నూలు:

బ్రిడ్జ్ టీమ్ మ్యాచ్‌లో వచ్చిన బోర్డు ఒకటి పెడుతున్నా, చూసి చెప్పండి. బోర్డు నంబరు 18, అంటే పంపకం తూర్పుది. ఉత్తర-దక్షిణాలు వల్నరబుల్ (బోనస్, జరిమానా రెండూ ఎక్కువ), తూర్పు-పడమరలు కాదు. లెక్క ఇంప్స్ (రెండు బల్లల స్కోరు తేడాని మార్చి ఇచ్చే టీమ్ పాయింట్లు).

దక్షిణం:
♠ 4
♥ ఆసు, రాణి, జాకీ, 10, 5
♦ ఆసు, రాజు, జాకీ, 8, 6
♣ ఆసు, 3

ఉత్తరం:
♠ 9, 7, 5
♥ 4, 2
♦ రాణి, 10, 7, 5
♣ రాజు, 8, 6, 4

తూర్పు:
♠ రాజు, రాణి, జాకీ, 10, 8, 6
♥ 7, 3
♦ 9, 2
♣ జాకీ, 7, 5

పడమర:
♠ ఆసు, 3, 2
♥ రాజు, 9, 8, 6
♦ 4, 3
♣ రాణి, 10, 9, 2

తూర్పు 2♠ (ఇస్పేటు తురుపుగా 6+2 పట్లు తీస్తామని), వీక్ టూ, అంటే ఆరు ముక్కల రంగు, తక్కువ బలం, ఎదుటివాళ్ల జాగా తినేసే ప్రీఎంప్ట్. దక్షిణం డబుల్. పడమర తడుముకోకుండా 4♠. ఉత్తరం, తూర్పు పాస్. దక్షిణం 5♥ అన్నాడు, పడమర డబుల్ కొట్టినాడు. ఒక పట్టు తక్కువై 200 పోయింది. అవతలి బల్ల మీద దక్షిణం 5♦ ఆడి 11 పట్లు తీసినాడు, 600. మొత్తం తేడా 800, అంటే 13 ఇంప్స్.

19 పాయింట్లుంటే (ఆసు 4, రాజు 3, రాణి 2, జాకీ 1) ముందు డబుల్, తర్వాత రంగు అని కదా అందరికీ నేర్పేది. అది ఇక్కడ ఎందుకు బెడిసికొట్టింది? 4♠ తిరిగి దక్షిణం దగ్గరికి వచ్చినప్పుడు 5♥ కాకుండా ఏం చేసుండాల? అసలు ఇట్లాంటి హ్యాండ్‌కి మొదటి బిడ్ ఏది?

క్లాక్‌టవర్_అనంత:

అన్నా, తప్పు మొదటి డబుల్‌లోనే ఉండాది. 5♥ దాని పర్యవసానం.

ముందు డబుల్, తర్వాత రంగు అనేది ఒకే పొడుగు రంగు ఉన్న బలమైన హ్యాండ్‌కి పనికొస్తాది, అదీ ఎదుటివాళ్లు 1 స్థాయిలో మొదలుపెట్టినప్పుడు. రెండు రంగులు చెప్పాలంటే డబుల్ తర్వాత ఇంకా రెండు బిడ్లు కావాల. 2♠ మీద అంత జాగా ఎవరిస్తారు? 2♠కి, 4♠కి మధ్య 9 బిడ్లు ఉంటే పడమర ఒక్క కార్డుతో ఆ తొమ్మిదీ మింగేసినాడు. నాన్‌వల్నరబుల్, చేతిలో మూడు ఇస్పేట్లు, పార్ట్‌నర్‌కి ఆరు. ఏ పడమరైనా అదే చేస్తాడు. ఆ 4♠ వస్తాదని ముందే అనుకుని మనం బిడ్ ఎంచుకోవాల.

ఇంకోటి, 2♠ మీద డబుల్ అంటే ఉత్తరానికి వినపడేది "ఇస్పేట్లు తక్కువ, మిగిలిన మూడు రంగులూ ఉన్నాయి" అని. కళావరు కూడా అందులో లెక్కే. పడమర పాస్ చేసినా ఇబ్బందే. ఉత్తరం ఏదో దారిలో 3♣ దగ్గరికి వస్తాడు, దక్షిణం 3♥ అంటాడు, ఐదు డైమన్లు ఉన్న సంగతి చెప్పేలోపల 3నోట్రంప్ దాటిపోయి ఉంటాం.

నేరుగా 3♥ అనడం ఇంకా బలహీనం. అది ఫోర్సింగ్ కాదు. రెండు ఆఠీన్లు, 5 పాయింట్లు ఉన్న ఉత్తరం పాస్ చేస్తాడు, చేయాల కూడా.

ఈ హ్యాండ్‌కి మొదటి బిడ్ 4♦. దీన్నే లీపింగ్ మైకేల్స్ అంటారు. వీక్ టూ మేజర్ (ఇస్పేటు, ఆఠీను) మీద 4♣ గానీ 4♦ గానీ జంప్ చేస్తే, ఆ మైనర్‌తో (కళావరు లేదా డైమన్) పాటు రెండో మేజర్ కూడా ఉందని, రెండూ కనీసం ఐదేసి అని, గేమ్‌కి (బోనస్ వచ్చే కాంట్రాక్టుకి) ఫోర్సింగ్, అంటే అంతకు ముందు ఆగకూడదని అర్థం. 2♠ మీద 4♦ అంటే డైమన్లు, ఆఠీన్లు. 2♥ మీద 4♣ అంటే కళావర్లు, ఇస్పేట్లు. ఒక్క బిడ్‌లో పది ముక్కల సంగతి, బలం సంగతి చెప్పేసినట్టే. దీనికి మనం ఇచ్చుకునేది 2♠ మీద మామూలు 4♣, 4♦ జంప్ ఓవర్‌కాల్స్. ఏడాదికి ఎన్నిసార్లు వాడతాం వాటిని?

ఇప్పుడు ఉత్తరం కుర్చీలో కూర్చుని చూడు. 2♠, 4♦, 4♠ తర్వాత చేతిలో ♦ రాణి నాలుగో ముక్కతో, పక్కన ♣ రాజు. ఆ రెండు బొమ్మలూ నేరుగా పనిచేసేవే. 5♦ అనడానికి ఆలోచనే అక్కర్లేదు. డబుల్ తర్వాత అయితే అవే 5 పాయింట్లు చెత్తలా కనపడినాయి, అందుకే పాస్ చేసినాడు. అతన్ని తప్పు పట్టలేం.

ఎంత బలం ఉంటే 4♦ అనొచ్చు అంటే, పాయింట్ల కంటే లూజర్లు లెక్కపెట్టుకోవడం మేలు. ప్రతి రంగులో మొదటి మూడు ముక్కల వరకే చూసి ఆసు, రాజు, రాణిలో ఏది లేకపోతే దానికొకటి. ఇక్కడ ఇస్పేటు ఒకటి, ♥ రాజు లేదు కాబట్టి ఒకటి, ♦ రాణి లేదు కాబట్టి ఒకటి, కళావరు రెండో ముక్క ఒకటి. మొత్తం 4. మామూలుగా 1 స్థాయిలో ఓపెన్ చేసే హ్యాండ్‌కి 7 ఉంటాయి. వల్నరబుల్‌లో 4 లూజర్లంటే కళ్లు మూసుకుని 4♦. కానీ ఈ లెక్క ఒక్కటే నమ్మితే మోసం. ఇది చూడండి:

♠ 4
♥ రాజు, రాణి, 10, 7, 5
♦ ఆసు, రాణి, 9, 8, 6
♣ 7, 3

లూజర్లు 5 అని వస్తాది, పాయింట్లేమో 11. ఉత్తరం ఖాళీగా ఉంటే 4♦ మీద డబుల్ కొట్టించుకుని 800 ఇచ్చుకోవచ్చు. దీన్ని 4♦ అనకూడదు. బొమ్మలు పొడుగు రంగుల్లోనే ఉన్నాయా, రెండింట్లోనూ ఆసు-రాజు బలం ఉందా అని కూడా చూసుకోవాల. ఇస్పేటు ఒంటి రాణిని, కళావరు రాణి-జాకీ జతని లెక్కలోకే తీసుకోవద్దు.

గండికోట_52:

పైన చెప్పిందానికి ఒప్పుకుంటూనే ఒక మాట. ఈ కన్వెన్షన్ లేని జంటకి కూడా ఈ బోర్డులో దారి ఉంది. డబుల్ కొట్టేసినారు, 4♠ తిరిగొచ్చింది. అక్కడ 5♥ కాదు, 4నోట్రంప్ అనాలి. అది ఆసులు అడగడం కాదు, "నాకు రెండు రంగులున్నాయి, తక్కువది చెప్పు" అని. ఉత్తరం నాలుగు కళావర్లు చూసుకుని 5♣ అంటాడు. దక్షిణం దాన్ని 5♦కి మారుస్తాడు. కళావరు వద్దని 5♦కి మార్చినాడంటే డైమన్లు, ఆఠీన్లు అని తేలిపోతుంది. ఉత్తరానికి డైమన్లు నాలుగు, ఆఠీన్లు రెండు. పాస్. అవతలి బల్ల వాళ్ల 600 మనకీ వచ్చేది. ఇబ్బందల్లా పార్ట్‌నర్ దాన్ని బ్లాక్‌వుడ్ అనుకుని ఆసుల లెక్కగా 5♣ చెప్పేస్తాడేమో అన్న భయమే. ఈ బోర్డులో అట్లా అనుకున్నా 5♣ దగ్గరే తేలుతుంది, ఇంకోసారి అంత అదృష్టం ఉండదు. ముందే మాట్లాడుకోండి.

"4♠ని డబుల్ చేసి కూర్చుంటే పోలేదా" అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి అదీ చెప్తా. దక్షిణం ♣ ఆసు ఆడి, ♣ 3తో ఉత్తరం రాజుకి వెళ్లి, మూడో కళావరు మీద ♠ 4తో కోసి, తర్వాత రెండు డైమన్లు, ♥ ఆసు తీస్తే మొత్తం 6 పట్లు. 3 డౌన్, 500. కళావరు కోత చూడకుండా డైమన్లు కొట్టుకుని కూర్చుంటే 2 డౌన్, 300. ఎంత బాగా ఆడినా 600కి అందదు.

ఇక 5♥ ఎందుకు పడిపోయింది, 5♦ ఎందుకు నిలిచింది అనేది ముక్కలు పరిచి చూసుకోవాల్సిన సంగతి. 5♥లో పడమర ♠ ఆసు, మళ్లీ ♠ 2. దక్షిణం ♥ 5తో కోస్తాడు. ఇంక తురుపులు ఆసు, రాణి, జాకీ, 10 నాలుగే. డైమన్ రాణికి వెళ్లి ఆఠీను ఆడి రాణి వేస్తే పడమర రాజుతో తీసుకుంటాడు. వెంటనే ♠ 3. దక్షిణం ♥ 10తో కోయక తప్పదు. చేతిలో మిగిలింది ఆసు, జాకీ. పడమర చేతిలో 9, 8, 6. రెండూ లాగినా 9 పడమరలోనే నిలబడిపోతుంది, దక్షిణంలో తురుపు అయిపోతుంది. మూడో డైమన్ మీద పడమర ఆ 9తో కోస్తాడు. ♠ ఆసు, ♥ రాజు, ఆ 9 కలిసి మూడు పట్లు. తురుపు 5-2గా ఉన్నప్పుడు పొడుగు చేతిలో రెండుసార్లు కోయిస్తే ఇంతే, బలం పాయింట్లలో ఎంతున్నా నిలబడదు.

5♦లో అదే ఇస్పేటు దాడి ఏమీ చేయలేదు. రెండో ఇస్పేటు ♦ 6తో కోసి, ఆసు ఒకసారి లాగి, ♦ 8తో ఉత్తరం రాణికి వెళితే తురుపులు 2-2గా అయిపోతాయి. 6తో కోయండి, 8 కాదు. ఎదుటి చేతుల్లో 9 ఉంది కాబట్టి 8ని దాచుకోవడం మంచి అలవాటు. ఆఠీను ఫినెస్ (రాజు తూర్పులో ఉందని ఆశపడి రాణి వేయడం) పడమర రాజుకి పోతుంది, మళ్లీ ఇస్పేటు వస్తే జాకీతో కోస్తాం, ఇంకా రాజు చేతిలోనే ఉంది. ఆఠీన్లు నాలుగు, డైమన్లు ఐదు, కళావర్లు రెండు. 11.

పడమర పాస్ చేసి 4♦ తిరిగి ఉత్తరానికే వచ్చినా 5♦యే అనాలి. ఈ పంపకంలో 4♥ కూడా 10 పట్లతో గట్టెక్కుతుంది, సరిగ్గా ఆ మూడు పట్లే పోతాయి. కానీ ఆఠీన్లు 5-1గా ఉన్నాయనుకోండి, డబుల్ చేసే పడమర నవ్వుకుంటూ ఉంటాడు.

తుంగభద్ర_గట్టు:

నాకు ఒక ప్రశ్న. 19 + 5, పైగా డైమన్లు 5-4, రెండు మంచి బొమ్మలు. 6♦ ఎందుకు కాదు? ♥ రాజు తూర్పులో ఉంటే 1370 కదా?

గండికోట_52:

"ఉంటే" దగ్గరే లెక్క ఆగుతుంది. తూర్పు ఆరు ఇస్పేట్లు చూపినాడు, పడమర గెంతు చూస్తే మూడు. అంటే తూర్పు చేతిలో ఇస్పేటు కాని ముక్కలకి 7 ఖాళీలు, పడమరలో 10. ♥ రాజు ఆ 17 ఖాళీల్లో ఏదో ఒకదాంట్లో కూర్చోవాలి. తూర్పులో ఉండే అవకాశం 17లో 7, నూటికి 41. వల్నరబుల్ స్లామ్ (12 పట్ల కాంట్రాక్టు) కట్టాలంటే సుమారు సగానికి సగమన్నా కావాలి. ప్రీఎంప్ట్ కొట్టినవాడి దగ్గర పక్క రంగు బొమ్మ తక్కువగా ఉంటుందని ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. ఫినెస్ అంటే సగం-సగం అని నేర్చుకున్న లెక్క ఇక్కడ చెల్లదు. ఉత్తరం చేతిలో ♣ రాజు బదులు ♥ రాజు ఉండుంటే అది వేరే కథ.

బురుజు_కర్నూలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. 41 లెక్క ఎప్పుడూ ఇట్లా వేసుకోలేదు. ఇప్పుడు అడిగేది: ఇవి ఒప్పుకున్నాక మా పార్ట్‌నర్ మొదటి మాట "3♠ అని ఓపెన్ చేస్తే? 2♦ అంటే?" అని. ప్రతిదానికీ కొత్త పాఠం అంటే ఆయన ఒప్పుకోడు. ఒక చీటీ మీద పట్టేంత కావాల. ఉత్తరం ఎట్లా జవాబు చెప్పాలో కూడా.

క్లాక్‌టవర్_అనంత:

చీటీకి సరిపోతాది.

3♥, 3♠ మీద కూడా 4♣, 4♦లకి అదే అర్థం పెట్టుకోండి, ఆ మైనర్, రెండో మేజర్. జంప్ కాకపోయినా సరే. దీన్ని నాన్-లీపింగ్ మైకేల్స్ అంటారు, పేరు గుర్తుపెట్టుకోకపోయినా నష్టం లేదు. ఇక్కడ పోగొట్టుకునేది కొంచెం ఎక్కువ. 3♠ మీద ఆరు-ఏడు కళావర్లు మాత్రమే ఉన్న హ్యాండ్‌తో 4♣ అనలేరు, అప్పుడు డబుల్ గానీ పాస్ గానీ 5♣ గానీ. అయినా లాభమే ఎక్కువని నా లెక్క.

3♣ మీద 4♣, 3♦ మీద 4♦: రెండు మేజర్లు. 2♦ వీక్ అయితే 4♦ అంటే రెండు మేజర్లు, 4♣ అంటే కళావర్లు, ఏదో ఒక మేజర్. ఏది అని తెలుసుకోవాలంటే పార్ట్‌నర్ 4♦ అంటాడు, దక్షిణం తన మేజర్ చెప్తాడు.

రెండు మైనర్లుంటే 2 మేజర్, 3 మేజర్, 4♥ మీద 4నోట్రంప్. 4♠ మీద 4నోట్రంప్ మాత్రం ఏ రెండు రంగులైనా, పైన గండికోట గారు చెప్పినట్టే తక్కువ రంగు చెప్పి సర్దుకోవడం. వీటిలో ఏదీ ఆసులు అడగడం కాదని చీటీ మీద పెద్దక్షరాల్లో రాయండి, గొడవంతా అక్కడే వస్తాది.

జవాబుల సంగతి. 2♠ మీద 4♦ తర్వాత ఉత్తరం 4♥ అంటే ఆఠీన్లలో ఇక్కడే ఆపుదాం అని. 5♦ అంటే అదీ ఆపడమే. స్లామ్ ఆశ ఉంటే 4♠, ఎదుటివాళ్ల రంగు; ఏ రంగు కోసం అనేది తర్వాత తేలుతాది. పాస్ లేదు. ఒక్క పాయింట్ లేకున్నా, 3-3 ఉన్నా ఏదో ఒకటి ఎంచుకోవాల.

పడమర 4♠తో దూరితే: ఫిట్ (ఇద్దరికీ సరిపడే తురుపు రంగు) ఉంటే 5♦ లేక 5♥. ఇస్పేట్లలో పట్లు ఉండి ఏ రంగులోనూ ఫిట్ లేకపోతే డబుల్. పాస్ అంటే "నువ్వే తేల్చు" అని, దాన్ని దక్షిణం పాస్ చేయకూడదు. 4♦ని గేమ్‌కి ఫోర్సింగ్ అన్నాక ఎదుటివాళ్లని 4♠ డబుల్ లేకుండా ఆడనిచ్చే ప్రశ్నే లేదు. ఈ ఒక్క వాక్యం జంటల్లో సగంమంది మాట్లాడుకోరు.

2♠ తర్వాత దక్షిణం పాస్, పడమర పాస్, నాలుగో సీటులో మీరున్నా 4♣, 4♦ అవే. అయితే ఎదుటివాళ్లు 2♠, 3♠ అని వచ్చినాక మీ వంతు అయితే ముందే తేల్చుకోండి. మేం అక్కడ కూడా అదే అర్థం ఉంచినాం, గుర్తుంచుకోవడం సులభమని.

తుంగభద్ర_గట్టు:

బిడ్డింగ్ వాళ్లు చెప్పారు, నేను బల్ల మీద జరిగే తప్పులు రెండు చెప్తా.

2♠ జంప్ ఓపెనింగ్. దాని తర్వాత కూర్చున్న దక్షిణం, స్టాప్ కార్డు పెట్టినా పెట్టకపోయినా, ఒక 10 సెకన్లు ఆగి బిడ్ చెప్పాలి. చేతిలో ఏమీ లేకపోయినా ఆగాలి. మన దగ్గర చాలామంది చెత్త ఉంటే టక్కున పాస్ అనే పచ్చ కార్డు పెట్టేస్తారు, ఏదన్నా ఉంటే తల గోక్కుంటారు. పార్ట్‌నర్‌కి సగం హ్యాండ్ చెప్పేసినట్టే. అలాగే పైన 4♠ మీద ఉత్తరం చాలాసేపు ఆలోచించి పాస్ చేసుంటే, ఆ తర్వాత దక్షిణం 5♥ అనడం మీద డైరెక్టర్‌ని పిలిచే హక్కు ఎదుటివాళ్లకి వస్తుంది. ఆ ఆలస్యం ఏ బిడ్ వైపు నెట్టిందో చూసి, పాస్ కూడా సబబైన ఎంపికే అనిపిస్తే డైరెక్టర్ స్కోరు సవరిస్తారు. మంచి ఆటగాళ్లు కూడా ఇందులో దొరికిపోతారు.

రెండోది అలర్ట్, అంటే బిడ్‌కి మామూలు అర్థం కాదని ఎదుటివాళ్లని హెచ్చరించడం. 4♦ అన్నది దక్షిణమైతే అలర్ట్ చేయాల్సింది ఉత్తరం. మొదటి చుట్టులో వచ్చిన కన్వెన్షనల్ బిడ్ కాబట్టి 4 స్థాయి అని వదిలేయకండి, మీ టోర్నమెంట్ నియమాల కాగితం ఒకసారి చూసుకోండి. ఆన్‌లైన్‌లో, బీబీవో (బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్)లో అయితే తిరగబడుతుంది, బిడ్ చెప్పినవాడే తన బిడ్‌కి వివరణ రాయాలి. అడిగితే "లీపింగ్ మైకేల్స్" అని పేరు చెప్పి ఊరుకోవద్దు. "డైమన్లు, ఆఠీన్లు, ఐదేసి, గేమ్‌కి ఫోర్సింగ్" అని చెప్పాలి.

మర్చిపోయే ప్రమాదం కూడా చెప్తా. ఉత్తరం 4♦ని మామూలు డైమన్లు అనుకుని పాస్ చేస్తే, దక్షిణం మొహం చిట్లించడం కూడా నేరమే. బిడ్డింగ్ ముగిసేదాకా నోరు మూసుకుని, చివరి పాస్ తర్వాత డైరెక్టర్‌ని పిలిచి అలర్ట్ రాలేదని ఎదుటివాళ్లకి చెప్పి, అప్పుడు 4♦ ఆడుకోవాలి.

క్లాక్‌టవర్_అనంత:

అది మరపు రాకుండా ఉండాలంటే ఒక పద్ధతి ఉండాది. పేకలోంచి ♠ రాజు, రాణి, జాకీ, 10, 8, 6 తీసి తూర్పుకి ముందే పెట్టేయండి. ♥ ఆసు, జాకీ, 10, ♦ ఆసు, రాజు దక్షిణానికి పెట్టి మిగిలిన 41 ముక్కలు కలిపి పంచండి, తూర్పుకి ఏడు, దక్షిణానికి ఎనిమిది, ఇతరులకి పదమూడేసి. దక్షిణానికి 5-5 రాని పంపకాలు పక్కన పడేయండి, 5-5 వచ్చినవి రాసి పెట్టుకుని ఇద్దరూ ఫోన్లోనే బిడ్ చేసుకోవచ్చు. పడమర ప్రతిసారీ 4♠ అంటాడని పెట్టుకోండి. ఇరవై అయ్యేసరికి మీ పార్ట్‌నర్ నోట్లోంచి 5♦ దానంతట అదే వస్తాది.

బురుజు_కర్నూలు:

చీటీ రాసుకున్నా. ఒక్క అనుమానం. 2♦ అనేది వీక్ డైమన్లు కాకుండా మల్టీ అయితే, అంటే ఏదో ఒక మేజర్‌లో వీక్ టూ అయితే?

గండికోట_52:

అప్పుడు వాళ్ల రంగు ఏదో మనకి తెలియదు కాబట్టి పైన చెప్పిన 4♦ రెండు మేజర్లు అనే అర్థం పనికిరాదు. మల్టీ మీద 4♣ అంటే కళావర్లు, ఒక మేజర్; 4♦ అంటే డైమన్లు, ఒక మేజర్. మీ బోర్డులో తూర్పు 2♦ మల్టీ అనుంటే దక్షిణం అప్పుడూ 4♦యే. మామూలుగా అయితే ఉత్తరం 4♥ అంటాడు, మేజర్ ఆఠీను అయితే దక్షిణం పాస్, ఇస్పేటు అయితే 4♠ అంటాడు. ఉత్తరానికి డైమన్లు నాలుగు ఉన్నాయి కాబట్టి ఇక్కడ నేరుగా 5♦. దీన్ని చీటీకి వెనకవైపు రాయండి, మల్టీ ఆడేవాళ్లతో కూర్చునే రోజు మాత్రం తిప్పి చూసుకోవచ్చు. బల్ల దగ్గరికి వచ్చినాక మాత్రం చీటీ జేబులోంచి తీయకండి.